పురిసస్సకు టికెట్ లేదు

భూక్య హరిలాల్ ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీ బస్సులో నిలబడే ఉన్నాడు. మానుకోట నుంచి జనగామకు, జనగామ నుంచి మానుకోటకు. మధ్యలో నెల్లికుదురు, తొర్రూరు, పాలకుర్తి. పేరుకు కండక్టరు సీటు ఒకటి ఉండేది గానీ దాని మీద ఎప్పుడూ ఎవరో ఒక అవ్వ కోళ్లగంప ఉండేది. రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెడితే రెండు నిమిషాల్లో లేచి నిలబడ్డాడు.

"కూసుంటే నడుం పట్టేస్తది" అన్నాడు.

ఇంటి దగ్గర అసలు ఇబ్బంది నడుముతో రాలేదు, గొంతుతో వచ్చింది. రోజుకు మూడు నాలుగు వందల మందిని ముందుకు జరిపిన గొంతు అది. నెల్లికుదురు దగ్గరి తండాలో ఆ గొంతు వినడానికి ఇప్పుడు మిగిలినవాళ్లు భార్య రాజీ, రెండు బర్రెలు. రాజీ ఎలాగూ వినదు. బర్రెలను కొట్టంలోకి తోలుతూ "లోపటికి జరుగుండ్రి, లోపట మస్తు జాగున్నది" అని అరిస్తే అవి ఒకసారి తల తిప్పి చూసి మళ్లీ నెమరు వేసుకునేవి.

"నువ్వు టికెట్ ఇయ్యకుంటే అవెట్ల జరుగుతయి?" అనేది రాజీ.

రిటైరైన నాలుగో నెలలో మానుకోట మార్కెట్ వెనక వీధిలో నడుస్తుంటే ఒక మిర్చి గోదాం గేటుకు అంటించిన కాగితం కనిపించింది. 'ఇచ్చట ప్రతి ఆదివారం పాళీ నేర్పబడును. వయోపరిమితి లేదు.' పాళీ అంటే ఏమిటో హరిలాల్‌కు తెలియదు. తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది పాలోళ్లు, అంటే దాయాదులు. పొలం గట్టు విషయంలో అతనికీ పాలోళ్లకూ పదకొండేళ్లుగా మాటల్లేవు. వాళ్లతో ఎలా వేగాలో ఆదివారాలు ఎవరో నేర్పుతున్నారని అనుకున్నాడు. వయోపరిమితి లేదని కూడా రాశారు కాబట్టి ధైర్యంగా లోపలికి వెళ్లాడు.

లోపల మిర్చి బస్తాల మధ్య ముగ్గురు ఉన్నారు. గోదాం యజమానురాలు లక్ష్మీకాంతమ్మ, అరవై మూడేళ్లు, ఊళ్లో సగం దుకాణాలకు టోకున సరుకు వేసే మనిషి. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే ఐలేశ్, అప్పటికే బస్తాకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా సంజీవ సారు, జనగామలో రిటైరైన తెలుగు పండితుడు.

"సారూ, పాలోళ్లు గట్టు జరిపితే ఏం జెయ్యాలె?" అని అడిగాడు హరిలాల్.

సంజీవ సారు ఒక క్షణం ఆలోచించాడు. పాళీ నేర్చుకోవడానికి వచ్చినవాడు ఇలాంటి ప్రశ్న వేస్తే అందులో ఏదో లోతు ఉండి ఉంటుందని ఆయన నమ్మకం.

"జరగనియ్యండి. ఏదీ ఉన్నచోట ఉండదు" అన్నాడు.

ఇంత తొందరగా తేల్చి చెప్పిన వకీలును హరిలాల్ అంతకుముందు చూడలేదు. అక్కడే ఒక బస్తా పక్కన నిలబడిపోయాడు. ఇది వకాల్తా కాదని, రెండు వేల ఏళ్లకు పైబడిన భాష అని, తాము చదివేది దాని పాతకాలపు వ్యాకరణమని తెలిసేసరికి గంట గడిచింది. అప్పటికే అందరితో కలిసి 'క, ఖ' అని నాలుగుసార్లు అరిచి ఉన్నాడు. అందరి గొంతుల కన్నా అతని గొంతే పైన వినిపించింది. పక్క దుకాణంలో హమాలీలు కూడా పని ఆపి విన్నారు. ఇంతమంది తన గొంతు విని నాలుగు నెలలైంది. పాళీ అంటే ఏదైతే ఏమిటని మరుసటి ఆదివారం కూడా వచ్చాడు.

మిగతా ఇద్దరి కారణాలు ఇంతకన్నా గొప్పవేం కాదు. లక్ష్మీకాంతమ్మ ఒకసారి టూర్ బస్సులో గయకు వెళ్లి, పక్కనే ఉందని బోధ్‌గయ కూడా చూసింది. అక్కడ వందమంది కూర్చుని పాళీలో ఏదో పఠిస్తున్నారు. పొద్దున లేస్తే మూడు స్తోత్రాలు చూడకుండా చదివే మనిషికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అది ఆమెకు అవమానంగా తోచింది. ఐలేశ్‌కు అత్తగారిల్లు మానుకోటలో. ఆదివారం సెలవుకు భార్యతో వస్తే మామ మధ్యాహ్నం దాకా తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతాడు. "క్లాసున్నది మామా" అంటే లేచి రావచ్చు. బస్తాకు ఆనుకుని నిద్రపోవచ్చు. నిద్రలో విన్నది అతనికి గుర్తుంటుంది. అదొక్కటే అతనికున్న విద్య.

మిర్చి గోదాంలో పాళీ నేర్చుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ పుట్టి పెరిగినట్టున్న లక్ష్మీకాంతమ్మకు తప్ప మిగతా అందరికీ తుమ్ములు వస్తాయి. మొదటి పాఠం అక్షరాలు. క, ఖ, గ, ఘ అయ్యాక చ దగ్గరికి రాగానే ఐలేశ్ కళ్లు మూసుకునే గోదాం అదిరేలా "ఛ!" అన్నాడు.

"అద్భుతం" అన్నాడు సంజీవ సారు. "ఒత్తక్షరం అంటే గట్ల పలకాలె. అందరూ వినండి."

అది తుమ్మని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సారు పద్ధతి పాతది. చేతిలో పుస్తకం ఉండకూడదు. అంతా గొంతులో ఉండాలి. ఇంకో నియమం అంతకన్నా కఠినం. ఒక్కరు తప్పినా అందరూ మొదటి పాఠానికి వెళ్లాలి. "బండి ఒక్కటే. చక్రం ఊడితే ఊడిన చక్రాన్ని వదిలేసి పోము గద" అనేవాడు.

అక్షరాల తర్వాత పాఠం 'పురిస'. అంటే మనిషి. ఆ మనిషి ఎనిమిది రకాలుగా మారతాడు. మనిషి, మనిషిని, మనిషితో, మనిషికి, మనిషి నుంచి, మనిషి యొక్క, మనిషిలో. చివర ఓ మనిషీ అన్న పిలుపు. మిగతావాళ్లు దీన్ని బట్టీ పట్టడానికి తంటాలు పడుతుంటే హరిలాల్‌కు ఒక్కసారి వినగానే అర్థమైంది.

"గిది బస్సే గద సారూ. 'నుంచి' అంటే ఎక్కినకాడ. 'కి' అంటే దిగేకాడ. 'తో' అంటే సంకల ఉన్న పోరడు. 'లో' అంటే లోపట కూసున్నోళ్లు. 'ఓ' అంటే డోర్ల వేలాడేటోడు."

సంజీవ సారు తన జీవితంలో విభక్తులను ఇంత తేలిగ్గా చెప్పినవాణ్ణి చూడలేదు. పైగా హరిలాల్‌కు మాటలు కూడా తొందరగా వచ్చేవి. పాళీలో చెయ్యి హత్థ, తండాలో హాత్. పాళీలో ఏడు సత్త, తండాలో సాత్. చెవి కణ్ణ, తండాలో కాన్. "మా తండా మాటకే జర నెయ్యి రాసిండ్రు" అన్నాడు.

లక్ష్మీకాంతమ్మకు ఇది నచ్చలేదు. ఆమెకు సంస్కృతం నోట్లో నానిపోయి ఉంది. ధమ్మ అనమంటే ధర్మ అనేది. పుత్త అనమంటే పుత్ర అనేది.

"అమ్మా, ఆ రకారం తీసెయ్యండి" అనేవాడు సారు.

"తీసేస్తే ఏం మిగుల్తది సారూ? ధమ్మం అంటే ధర్మానికి పండ్లూడినట్టున్నది."

"గట్ల కాదక్కా" అన్నాడు హరిలాల్. "సంస్కృతాన్ని మన యాసల మాట్లాడితే పాళీ."

సంజీవ సారు ముప్పై ఏళ్లు పిల్లల కాగితాల్లో 'వచ్చినం' కింద ఎర్రగీత గీసి 'వచ్చాము' అని దిద్దిన మనిషి. ఆ మాట విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మిర్చి ఘాటుకు కావచ్చు. "ఒక లెక్కకు నిజమే" అన్నాడు.

ఇంత తెలివైన హరిలాలే క్లాసుకు గుదిబండ అయ్యాడు. కారణం ఆరో విభక్తి.

హరిలాల్ లెక్కలో ఒక్కో విభక్తి ఒక్కో ప్రయాణికుడు. పురిసో ఎక్కాడు, టికెట్ ఇచ్చాడు. పురిసం ఎక్కాడు, ఇచ్చాడు. పురిసేన, ఇచ్చాడు. నాలుగోవాడు పురిసస్స, ఇచ్చాడు. అయిదోవాడు పురిసస్మా, ఇచ్చాడు. ఆరోవాణ్ణి చూస్తే మళ్లీ పురిసస్స. పాళీలో 'మనిషికి' అన్నా, 'మనిషి యొక్క' అన్నా ఒకటే మాట.

"గీ నాలుగో నంబరోడు మల్లెట్ల ఎక్కిండు సారూ?"

"నాలుగోవాడు కాదు, ఆరోవాడు. రూపం ఒకటే, అర్థం వేరు."

"రూపం ఒకటైతే మనిషి ఒకడే గద? ఒక్క టికెట్ మీద ఇద్దరు పోతరా? చెకింగోళ్లు ఎక్కితే నా నౌకరి ఏం గావాలె?"

"మీరు రిటైరయ్యారు గద."

"గందుకే. ఇప్పుడు పేరు ఖరాబ్ చేసుకోను."

వేళాకోళం అనుకున్నారు మొదట. కాదు. అప్పజెప్పమంటే అయిదు దాకా గడగడా చెప్పి, ఆరు దగ్గర అతని నోరు దానంతట అదే మూసుకునేది. ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. రెండుసార్లు అలా ఆగాడు. రెండుసార్లూ అందరూ అక్షరాలకు వెళ్లి మళ్లీ తుమ్ముకుంటూ వచ్చారు.

"ఆర్నెల్లాయె" అన్నాడు ఐలేశ్, కళ్లు తెరవకుండానే. "గింత పెద్ద భాషల ఇంక ఒక్క మనిషి కాడనే ఉన్నం. రెండో మనిషి ఎప్పుడస్తడు?"

లక్ష్మీకాంతమ్మకు ఓపిక పోయింది. "హరిలాలూ, చెప్తున్న ఇను. వచ్చే ఆదివారం నువ్వు ఆరోది చెప్పకపోతే ఇంక రాకు. గోదాం నాది. తప్పినోళ్లు గేటు బయటనే. నేను ఒక్కసారి మాటంటే అన్నట్టే."

హరిలాల్ ఆ వారమంతా కొట్టంలో బర్రెల ముందు నిలబడి సాధన చేశాడు. పురిసో, పురిసం, పురిసేన. ఆరు దగ్గరికి రాగానే గొంతు బ్రేకు వేసేది. గోదాం గేటు మూసుకుంటే ఇంక ఆదివారం కూడా ఈ రెండు బర్రెలే. పేడ ఎత్తుతున్న రాజీ చీపురు కింద పెట్టింది.

"బర్రెలకు సుత వచ్చింది, నీకు రాలే."

"ఒక్కడు రెండుసార్లు ఎక్కుతుండు, రాజీ."

"ఎక్కనియ్యి. నీ బాపు బస్సా?"

శుక్రవారం సంజీవ సారు ఇంటి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. హరిలాల్‌కు పాపం అనిపించింది. కొంచెం సంతోషం కూడా కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు.

"కాలు విరిగింది గని చెవులు మంచిగనే ఉన్నయి గద" అన్నది లక్ష్మీకాంతమ్మ ఫోన్లో. "మనమే జనగామ పోదాం."

ఆదివారం పొద్దున మానుకోటలో ఆమె బస్సెక్కింది. నెల్లికుదురులో హరిలాల్, రాజీ ఎక్కారు. "నిన్ను ఎల్లగొట్టంగ ఒక్కసారన్న సూడాలె" అని రాజీ ఇంటికి తాళం వేసి మరీ వచ్చింది. ఆడవాళ్లిద్దరూ ఆధార్ కార్డు చూపి ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు తీసుకున్నారు. హరిలాల్ రిటైరైన సిబ్బందికి ఇచ్చే పాసు చూపించాడు. సగం సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడ్డాడు. పైన రాడ్ పట్టుకుని, బస్సు ఊపుకు ఊగుతూ, పాత రాగంలో మొదలుపెట్టాడు. "పురిసో, పురిసం, పురిసేన, పురిసస్స..."

తొర్రూరు దాటాక ఒక ముసలాయన అతని మోచేయి తట్టాడు. "బిడ్డా, గీ పురిసస్స ఏడొస్తది? పాలకుర్తి కంటే ముందుగాలనా?"

"ముందు ఒకటున్నది, ఎనుక ఒకటున్నది బాపూ" అన్నాడు హరిలాల్ దిగులుగా. "నేను ముందుదానికాడనే ఆపుత."

జనగామలో సంజీవ సారు పిండికట్టు వేసిన కాలును స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఐలేశ్ భూపాలపల్లి నుంచి నేరుగా వచ్చాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినందువల్ల గోడకు ఆనుకుని హాయిగా అప్పజెప్పేశాడు. ఒక్క తప్పు లేదు.

"ఒత్తులు మాత్రం గోదాంలో పలికినట్టు రాలేదు" అన్నాడు సారు కొంచెం అసంతృప్తిగా.

తర్వాత హరిలాల్. కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి పురిసో కూడా నోట రాలేదు. అటూ ఇటూ చూశాడు.

"సారూ, నిలవడత."

నిలబడ్డాడు. పట్టుకోవడానికి పైన ఏమీ లేదు. బట్టలు ఆరేసే తీగ ఒకటి కనబడితే దాన్ని పట్టుకున్నాడు. సారు లుంగీ, రెండు తువాళ్లు ఊగడం మొదలైంది. పురిసో వచ్చాడు. పురిసం, పురిసేన, పురిసస్స వచ్చారు. పురిసస్మా వచ్చాడు.

ఆగిపోయాడు.

వంటింట్లో కుక్కరు ఒక కూత వేసింది. లక్ష్మీకాంతమ్మ హ్యాండ్‌బ్యాగు సర్దుకుంది. హరిలాల్ తీగ వదల్లేదు. రెండో కూత వచ్చింది.

గుమ్మంలో కూర్చున్న రాజీకి అక్కడున్న అందరికన్నా ముందు విసుగొచ్చింది.

"ఓ కండక్టర్ సాబ్! నీ జేబుల ఏమున్నది?"

హరిలాల్ అయోమయంగా జేబు తడుముకున్నాడు. "పాసు."

"పొద్దుగాల దేని మీద వచ్చినవ్?"

"పాసు మీద."

"మాపటికి దేని మీద పోతవ్?"

"గీ పాసు మీదనే..."

"మరి నువ్వు పోవచ్చు గని ఆ రెండుసార్లు ఎక్కేటోడు పోవద్దా? రిటైరైండేమో, పాపం. ఎక్కనియ్యరాదు?"

హరిలాల్ ముఖంలో వెలుగు వచ్చిందని రాస్తే అతిశయోక్తి అవుతుంది. చెకింగ్ వాళ్లు దిగిపోయాక కండక్టరు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. ఒకసారి పాసు వంక చూసుకుని, జేబులో పెట్టి, "పురిసస్స! పాసు! లోపటికి జరుగు!" అన్నాడు. వెంటనే పురిసస్మిం అన్నాడు. ఇక ఎనిమిదోది పిలుపు. దాన్ని డోర్లో వేలాడేవాణ్ణి కేకేసినట్టు కేకేశాడు.

"భో పురిసా...!"

రోడ్డు మీద పోతున్న ఆటో ఒకటి ఆగింది. "ఏడికన్నా?" అని డ్రైవరు తల బయటపెట్టి అడిగాడు.

"గిది కాపీ" అన్నది లక్ష్మీకాంతమ్మ. "ఆమె అందిచ్చింది. నేను ఇన్న."

"ఆమె రూపం చెప్పలేదమ్మా. బస్సు పాసు గురించి చెప్పింది. పాళీలో బస్సు పాసు లేదు" అన్నాడు సంజీవ సారు. "హరిలాల్ గారు పాసయ్యారు. ఇక మీరు."

లక్ష్మీకాంతమ్మ పైట సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. ఆమెకు ఇది పొద్దున స్తోత్రం చదివినంత పని. "పురిసో. పురిసం. పురిసేన. పురిసస్య. పురిస..."

ఐలేశ్ కళ్లు తెరిచాడు. ఆర్నెల్లలో క్లాసులో అతను కళ్లు తెరవడం అదే మొదటిసారి.

"అమ్మా, నాలుగోది ఇంకోసారి" అన్నాడు సారు మెల్లగా.

"పురిసస్య."

"ఇంకోసారి."

"పురిసస్య! ఎన్నిసార్లు చెప్పాలె సారూ? రకారం తీసెయ్యమంటిరి, తీసేస్తిని. ఏడున్నది రకారం?"

"రకారం లేదు. సంస్కృతం ఉన్నది. స్య కాదమ్మా, స్స."

హరిలాల్‌కు నాలుక దురద పెట్టింది. ఆపుకోలేకపోయాడు.

"అక్కా, గది వేరే డిపో టికెట్. గీ బండిల చెల్లది."

లక్ష్మీకాంతమ్మ అతని వంక చూసిన చూపుకు ఇంకొకరైతే ఆ ఆటో ఎక్కి వెళ్లిపోయేవారు. కానీ ఆమె వ్యాపారం చేసే మనిషి. మాట అంటే మాటే. హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"తప్పినోళ్లు గేటు బయటనే అన్న. నేను సుత మనిషినే. బయటనే ఉంట."

"అందరం మల్ల అక్షరాలకా?" అని అడిగాడు ఐలేశ్.

"బండి ఒక్కటే" అన్నాడు సంజీవ సారు. ఐలేశ్ కళ్లు మూసుకున్నాడు.

తర్వాతి ఆదివారం గోదాం గేటు తెరిచి, బస్తాలు సర్దించి, మంచినీళ్లు పెట్టించి, లక్ష్మీకాంతమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గేటు బయట వేసుకుని కూర్చుంది. సొంత గోదాం బయట, ఎండలో. దారిన పోయేవాళ్లు లోపల ఏమైందని అడిగారు. "చదువు నడుస్తున్నది" అని చెప్పింది. లోపల ఒక బస్తా మీద ఫోను పెట్టి ఉంది. అందులో జనగామ నుంచి సంజీవ సారు అ, ఆ, ఇ, ఈ అంటున్నాడు. ఐలేశ్ తుమ్ముతున్నాడు. "అద్భుతం" అంటోంది ఫోను.

బయట నుంచి కూడా ఒక గొంతు అ, ఆ అంటోంది. కానీ బజారు రొదలో సారుకు అది వినబడడం లేదు. ఆయనకు వినబడకపోతే ఆమె చెప్పినట్టు కాదు. ఆమె చెప్పకపోతే బండి కదలదు.

హరిలాల్ లేచి గేటు దగ్గరికి వచ్చాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, లోపటికి జరుగుండ్రి. లోపట మస్తు జాగున్నది."

"నేను తప్పిన గద హరిలాలూ. నాకెక్కడిది టికెట్?"

"గోదాం మీది. మీకు టికెట్ ఏంది? పాసున్నోళ్లను దించుతమా?"

లక్ష్మీకాంతమ్మ లేచి, కుర్చీ తానే ఎత్తుకుని, లోపలికి జరిగింది.

అరుపు విని ఒక మనిషి నిజంగా జరగడం హరిలాల్ చూసి పది నెలలు దాటింది. గేటు మీద రెండుసార్లు అరచేత్తో కొట్టాడు.

"రైట్ రైట్!"

"ఆ అక్షరం ఇప్పుడు లేదు" అన్నాడు ఫోన్లో సంజీవ సారు. "క, ఖ దగ్గరున్నం."